ఇష్టమైన పని ఊరికి దగ్గరలో దొరుకుతుందా? కల్వకుర్తి బీఎస్సీ అమ్మాయికి జవాబు

అమ్మా, నీ ప్రశ్న చదవని వాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీది కల్వకుర్తి దగ్గర పల్లె. బీఎస్సీ బీజెడ్సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) అయిపోయి రెండేళ్లయింది. అందులో ఒక ఏడాది హైదరాబాద్‌లో గ్రూప్-2 కోచింగ్‌కు పోయింది. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నావు. నాన్న బీఈడీ చెయ్యమంటున్నాడు. స్నేహితురాలు జడ్చర్లలో ఫార్మా కంపెనీలో చేస్తోంది, నిన్నూ రమ్మంటోంది. "నాకేది ఇష్టమో నాకే తెలియట్లేదు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. మన దగ్గరే ఉండి చేసుకునే ఉద్యోగాలు అసలు ఉన్నాయా?" అని అడిగావు.

నేను పాలమూరు, నల్లగొండ జిల్లాల ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ప్లేస్‌మెంట్ పనులు కూడా చాలాకాలం చూశాను. మా పిల్లలు ఏ కంపెనీలో చేరారు, ఎవరు నిలిచారు, ఎవరు మూడు నెలలకే తిరిగొచ్చారు, ఎందుకు వచ్చారు అన్నది దగ్గర నుంచి చూశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

నీకేది ఇష్టమో తెలియదన్నావు గానీ, నువ్వు రాసినదాంట్లోనే అది రెండు చోట్ల ఉంది. డిగ్రీలో ప్రాక్టికల్స్ ఒక్కటీ మానలేదని, టైట్రేషన్‌లో రీడింగులు కలవకపోతే మళ్లీ మొదటి నుంచి చేసేదాన్నని రాశావు. ఇంకోచోట, అమ్మ వాళ్ల మహిళా సంఘం పుస్తకాలు నువ్వే రాస్తావని, పది రూపాయలు తేడా వచ్చినా అది దొరికేదాకా లేవనని రాశావు. వాటిని నువ్వు ఇష్టాల లెక్కలో వేసుకోలేదు. ఇష్టం అంటే బొమ్మలు గీయడమో పాటలు పాడటమో అనుకుంటారు చాలామంది పిల్లలు. ఎవరూ చెప్పకుండానే, డబ్బు రాకపోయినా, తప్పు లేకుండా చేయాలని నీకు నువ్వుగా పట్టుబట్టే పని ఏదుందో అదే నీ ఇష్టం. కొలవడం, రాసిపెట్టడం, తేడా ఎక్కడుందో పట్టుకోవడం నీకు ఇష్టం. ఈ స్వభావానికి మన ప్రాంతంలో మంచి గిరాకీ ఉంది.

ఇంకో మాట. "నాకు బయాలజీ ఇష్టం" అన్నావు. బయాలజీ అనేది ఒక సబ్జెక్టు. అదే చదువుతో ఒకరు బడిలో అరవై మంది పిల్లల ముందు నిలబడతారు, ఒకరు ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం శాంపిళ్లు చూస్తారు, ఒకరు గద్వాల దిక్కు పత్తి చేలల్లో ఎండకు తిరుగుతారు. ఈ ముగ్గురి రోజులకూ ఒకదానితో ఒకటికి పోలికే ఉండదు. కాబట్టి సబ్జెక్టు పేరు చూసి ఉద్యోగం ఎంచుకోవద్దు. ఆ ఉద్యోగంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు ఏం చేస్తుంటాయి, ఎవరితో మాట్లాడాల్సి ఉంటుంది, తప్పు జరిగితే ఎవరికి జవాబు చెప్పాలి, ఈ మూడూ అడుగు.

ఇక ఉద్యోగాల సంగతి. మీ కల్వకుర్తి మీదుగా పోయే 167వ జాతీయ రహదారిని ఒకసారి మనసులో పెట్టుకో. మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ. ఈ ఒక్క రోడ్డు దక్షిణ తెలంగాణ ఉద్యోగాలను చాలావరకు కలుపుతుంది. పడమర కొసన మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా వాళ్లు లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీ కడుతున్నారు. 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది, పదేళ్లలో 9,500 కోట్లు పెడతామన్నారు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో అరబిందో, హెటిరో లాంటి మందుల కంపెనీలు ఉన్నాయి. తూర్పుకు పోతే మిర్యాలగూడ అంతా రైస్ మిల్లులే. అక్కడికి దగ్గర్లో దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. ఇంకా ముందుకు పోతే మట్టంపల్లి, మేళ్లచెరువు, సున్నపురాయి ఉన్న నేల కాబట్టి అక్కడ సిమెంట్ ఫ్యాక్టరీలు.

చూడటానికి ఇవన్నీ వేరు వేరు పరిశ్రమలు. కానీ వీటన్నిటిలో ఒక ల్యాబ్ ఉంటుంది. మందుల కంపెనీలో ముడిసరుకు నుంచి డబ్బాలో పడే గోలీ దాకా పరీక్ష చేయనిది బయటికి పోదు. సిమెంట్ ఫ్యాక్టరీలో రాయి నుంచి, దాన్ని కాల్చితే వచ్చే క్లింకర్ గడ్డల దాకా షిఫ్టు షిఫ్టుకూ శాంపిల్ తీసి చూసే కెమిస్టులు ఉంటారు. థర్మల్ కేంద్రంలో బాయిలర్‌లోకి పోయే నీళ్లను శుద్ధి చేసి పరీక్షిస్తూనే ఉండాలి, లేకపోతే ట్యూబులు పాడవుతాయి. అందుకే ప్రభుత్వ విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోలో కెమిస్ట్ పోస్టులు ప్రత్యేకంగా ఉన్నాయి, 2023లో 60 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. దానికి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కావాలి. నల్లగొండ జిల్లాలో తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అని చూసేదీ ఇలాంటి ల్యాబ్‌లోనే. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉందా అని మీటర్ పెట్టి చూసేదీ కొలత పనే.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. ఉద్యోగం పేరు కాకుండా పని నేర్చుకో, అదీ నీ బస్సు రూట్‌లో ఒకటికంటే ఎక్కువ ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పనికొచ్చే పని. ఒక కంపెనీ మూతపడినా, పెళ్లయి మిర్యాలగూడ దిక్కు పోవాల్సి వచ్చినా చేతిలోని విద్య నీతో వస్తుంది. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పెళ్లితో ఊరు మారి, అక్కడ ఆ పనే లేక ఇంట్లో కూర్చున్న నా స్టూడెంట్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో తెలివైన పిల్లలు ఉన్నారు. ఇప్పటికీ బాధ కలుగుతుంది.

మీ స్నేహితురాలి కంపెనీ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంటర్వ్యూకు పోయే పిల్లలకు "ఫార్మా" అన్న ఒక్క మాటే తెలిసి ఉంటుంది. లోపల చాలా పనులు ఉంటాయి. ప్రొడక్షన్‌లో మిషన్ల దగ్గర నిలబడాలి. ప్యాకింగ్‌లో చేయి ఆగదు, నేర్చుకునేది తక్కువ. క్వాలిటీ కంట్రోల్, అంటే క్యూసీ, ల్యాబ్‌లో శాంపిళ్లు పరీక్షిస్తారు. క్వాలిటీ అష్యూరెన్స్, అంటే క్యూఏ, ప్రతి సెక్షన్‌లో రాసిన రికార్డులు సరిగ్గా ఉన్నాయా అని చూస్తారు. నువ్వు అడగాల్సింది క్యూసీ లేదా క్యూఏ.

క్యూసీలో రోజు ఎలా ఉంటుందంటే, శాంపిల్ వస్తుంది, రిజిస్టర్‌లో ఎక్కించాలి. బ్యాలెన్స్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని తూచాలి. ద్రావణం తయారు చేయాలి. మందులో ఏది ఎంత ఉందో వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌లో పెట్టాలి, గ్రాఫ్ రావడానికి గంటలు పడుతుంది. వచ్చిన ఫలితాన్ని ఏ సమయానికి ఎవరు చేశారో సంతకంతో సహా రాయాలి. చేసింది వెంటనే రాయాలి, తర్వాత గుర్తు తెచ్చుకుని రాయడం కుదరదు. కొట్టేస్తే కూడా ఒక్క గీతతో కొట్టేసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. లాగ్‌బుక్‌లో లేకపోతే ఆ పని చేయనట్టే లెక్క. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకి వచ్చి చూసేది ముఖ్యంగా ఈ రాతలనే. చాలామంది పిల్లలకు ఇది విసుగు. "సార్, అన్నీ రాసుడే" అని మానేసి వచ్చేవాళ్లు. పది రూపాయల తేడా కోసం పుస్తకం ముందు కూర్చునే నీకు విసుగు రాదని నా నమ్మకం.

కష్టాలు కూడా విను. మొదట్లో జీతం తక్కువ. షిఫ్టులు ఉంటాయి. సాల్వెంట్ల వాసన కొందరికి పడదు, తలనొప్పి వస్తుంది. క్యూసీలోకి ఎమ్మెస్సీ వాళ్లను ముందు తీసుకుంటారు, బీఎస్సీ వాళ్లకు ట్రైనీగా చేరి పైకి రావడానికి సమయం పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒకే గేటులో పోయేవాళ్లలో కొందరు కంపెనీ రోల్‌లో, అంటే కంపెనీ సొంత ఉద్యోగులుగా ఉంటారు, కొందరు కాంట్రాక్టర్ కింద ఉంటారు.

అందుకే స్నేహితురాలిని "ఎట్లుందే అక్కడ?" అని అడగొద్దు. "బాగుంది, రా" అంటుంది, దాంతో నీకేమీ తెలియదు. నీ పే స్లిప్‌లో కంపెనీ పేరుందా, కాంట్రాక్టర్ పేరుందా అని అడుగు. పీఎఫ్ కడుతున్నారా, పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబర్ ఇచ్చారా అడుగు. జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ కార్డు రావాలి, వచ్చిందా అడుగు. నైట్ షిఫ్టుకు కంపెనీ బస్సు ఊరి దాకా వస్తుందా, రోడ్డు మీద దింపి పోతుందా అడుగు. చేరిన రోజు చేసిన పనికీ ఇవాళ చేస్తున్న పనికీ ఏం తేడా ఉందో అడుగు. ఇంకొకటి, మీ సెక్షన్‌లో ఐదేళ్లు దాటిన ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో అడుగు. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు ఆ కంపెనీ గురించి చాలా చెబుతుంది.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. డిగ్రీ వాళ్లకు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం ఎన్ఏటీఎస్ ఉంది, దాని పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. ఏడాది అప్రెంటిస్‌గా చేస్తే స్టైపెండ్ వస్తుంది, సర్టిఫికెట్ వస్తుంది. అంతకంటే, ఈ పని నీకు నప్పుతుందో లేదో పెద్ద నిర్ణయం తీసుకోకముందే తెలిసిపోతుంది.

నాన్న చెప్పిన బీఈడీ సంగతి. ఆయన కోరిక తప్పు కాదు. ఆడపిల్లకు టీచర్ ఉద్యోగం భద్రం, సెలవులు ఉంటాయి, ఊళ్లో గౌరవం. కానీ లెక్క చూపించు. టీచర్ పోస్టులకు 2017లో నోటిఫికేషన్ వచ్చాక, 2023లో ఒకటి ఇచ్చి రద్దు చేశారు, మళ్లీ వచ్చింది 2024లో. ఆ డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులకు రెండున్నర లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. వాటిలో 6,508 ఎస్జీటీ పోస్టులు, అంటే చిన్న తరగతుల టీచర్లవి. 2023లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ పోస్టులకు బీఈడీ పనికిరాదు, డీఈడీ వాళ్లకే. బీఈడీ వాళ్లకు మిగిలే స్కూల్ అసిస్టెంట్ పోస్టులు రాష్ట్రమంతటా అన్ని సబ్జెక్టులకూ కలిపి 2,629. అవి మళ్లీ జిల్లాలవారీగా, సబ్జెక్టువారీగా, రిజర్వేషన్ ప్రకారం విడిపోతాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో బయాలజీకి, నీ కేటగిరీలో ఎన్ని వచ్చాయో ఆ నోటిఫికేషన్ తీసి నాన్నతో కూర్చుని చూడు. గురుకులాల్లో కూడా పోస్టులు పడతాయి, అది నిజమే. అవి రానివాళ్లు ప్రైవేట్ స్కూల్‌లో చేరతారు. అక్కడ జీతం ఎంతో కల్వకుర్తిలోనే ఎవర్నైనా అడుగు, చెబుతారు.

ఇదంతా బీఈడీ వద్దని చెప్పడానికి కాదు. పిల్లలకు చెప్పడం నీకు నిజంగా ఇష్టమైతే పోటీ ఎంత ఉన్నా వెళ్లాల్సిందే, ఎందుకంటే ఆ ఇష్టం ఉన్నవాళ్లు బడికి కావాలి. కానీ నువ్వు రాసినదాంట్లో పిల్లల ఊసు ఒక్కచోట కూడా లేదు. అనుమానంగా ఉంటే ఊళ్లో పదో తరగతి పిల్లలకు రెండు నెలలు సాయంత్రాలు సైన్స్ చెప్పి చూడు. ఒకే పాఠం మూడోసారి చెప్పేటప్పుడు నీకు ఉత్సాహం పెరిగితే బీఈడీ. ఎప్పుడు గంట కొడతారా అనిపిస్తే జవాబు దొరికినట్టే.

గ్రూప్-2 గురించి పొడుగ్గా చెప్పను. 783 పోస్టులు, ఐదున్నర లక్షల దరఖాస్తులు. 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇస్తే పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌లో. ఆ రెండేళ్లూ హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్‌నగర్ హాస్టళ్లలో పిల్లలు ఏం తిన్నారో, ఇంట్లో ఎన్ని అప్పులయ్యాయో నాకు తెలుసు. చదవాలని ఉంటే ఉద్యోగం చేస్తూ చదువు. ఖాళీగా కూర్చుని చదవడానికి ఒక గడువు పెట్టుకోవాలి. నీ గడువు ఇప్పటికే అయిపోయిందని నా అభిప్రాయం.

ప్రభుత్వ పరీక్షల్లో నీకు నేరుగా సరిపోయేది ఒకటుంది, దాని గురించి మన పిల్లలు మాట్లాడుకోగా విన్నది తక్కువ. ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో అసిస్టెంట్ గ్రేడ్-3 (టెక్నికల్) పోస్టు. దానికి వ్యవసాయ డిగ్రీయే ఉండాలని లేదు, బోటనీ, జువాలజీ ఉన్న బీఎస్సీ కూడా చెల్లుతుంది. గోదాముల్లో బియ్యం నాణ్యత పరీక్షించే పని. వయసు మాత్రం చూసుకో, 2022 నోటిఫికేషన్‌లో 27 ఏళ్లని పెట్టారు, రిజర్వేషన్ ఉంటే సడలింపు ఉంటుంది. వరి ఇంత పండే ప్రాంతంలో ఉండి ఆ పరీక్షకు చదవకపోవడం నాకు నచ్చదు.

ఇంకో రెండు దారులు. జోగులాంబ గద్వాల దిక్కు సీడ్ పత్తి సాగు పెద్దది. ఆడ మొక్క పువ్వులకు మగ పుప్పొడి చేత్తో రుద్దే క్రాసింగ్ పని అక్కడి చేలల్లో నెలల తరబడి జరుగుతుంది. విత్తన కంపెనీలకు పొలంలో చూసుకునేవాళ్లు, మొలక శాతం పరీక్షించే ల్యాబ్ వాళ్లు కావాలి. ఫీల్డ్ పనిలో బండి మీద తిరగాలి, ఆర్గనైజర్లతో, రైతులతో మాట్లాడి ఒప్పించాలి. అది నీ స్వభావానికి సరిపోతుందో లేదో నువ్వే చెప్పాలి. రెండోది ఆస్పత్రి ల్యాబ్. నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, మహబూబ్‌నగర్‌లో అంతకుముందే ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ల అవసరం పెరిగింది. కానీ దానికి డీఎంఎల్‌టీ లాంటి కోర్సు వేరే చేయాలి, నీ బీఎస్సీ ఒక్కటే సరిపోదు. మళ్లీ రెండేళ్లు చదవడానికి ఇంట్లో ఒప్పుకుంటే ఆలోచించు.

డబ్బు లెక్క ఎలా వేయాలో కూడా చెబుతాను. హైదరాబాద్‌లో 18 వేల ఉద్యోగం వచ్చిందనుకో. హాస్టల్, తిండి, బస్సు, ఫోన్, పండగలకు ఇంటికి రాకపోకలు తీసేస్తే చేతిలో ఎంత మిగులుతుందో కాగితం మీద రాయి. జడ్చర్లలో 14 వేలు వచ్చి ఇంటి నుంచే పోయొస్తే ఎంత మిగులుతుందో పక్కన రాయి. అయితే హైదరాబాద్‌లో నేర్చుకునే అవకాశం ఎక్కువగా ఉంటే, కొన్నేళ్లు తక్కువ మిగిలినా పోవడమే మంచిది. మిగిలే డబ్బు, నేర్చుకునే పని, ఈ రెండింటిలో ఒక్కటీ లేని ఉద్యోగం ఎక్కడున్నా వద్దు.

నేనైతే నీకు చెప్పేది ఇది. ముందు క్యూసీ లేదా క్యూఏ ట్రైనీగా గానీ, అప్రెంటిస్‌గా గానీ ఒక ఏడాది చెయ్యి, కంపెనీ రోల్‌లో దొరికితే ఇంకా మంచిది. ఆ పని నచ్చితే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి పో. పాలమూరు యూనివర్సిటీ మహబూబ్‌నగర్‌లోనే ఉంది, నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది. ఎమ్మెస్సీ ఉంటే జెన్‌కో, సిమెంట్ ల్యాబులు, పెద్ద ఫార్మా కంపెనీలు, డిగ్రీ కాలేజీలు అన్నీ నీకు తెరుచుకుంటాయి. ఏడాది చేశాక నచ్చకపోతే, చేతిలో కొంత డబ్బుతో, నాన్న మీద భారం లేకుండా బీఈడీ చేయొచ్చు. ఇలా చెబితే నాన్న కూడా వింటాడు. ఆయన మాట కాదనడం లేదు కదా, ఒక ఏడాది అడుగుతున్నావు. వీలైతే ఆయన్ను ఒకసారి జడ్చర్ల తీసుకుపో. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడి, బ్యాగులు తగిలించుకుని బస్సు ఎక్కే ఆడపిల్లల్ని చూస్తే, ఎంత చెప్పినా తీరని భయం కొంత తగ్గుతుంది.

దరఖాస్తులో మహిళా సంఘం పుస్తకాల సంగతి తప్పకుండా రాయి. ఎన్నేళ్లుగా రాస్తున్నావు, ఎంతమంది సభ్యులు, పొదుపు, అప్పుల రికార్డు ఎలా పెడతావు, అన్నీ రెండు వరుసల్లో చాలు. సంతకాలు, తేదీలు, లెక్కలు తప్పకుండా రాసే మనిషే క్యూఏ వాళ్లకు కావాలి. ఇంటర్వ్యూలో నార్మాలిటీకీ మొలారిటీకీ తేడా, పీహెచ్ అంటే ఏమిటి, ఏ టైట్రేషన్‌కు ఏ ఇండికేటర్ వాడతారు, ఎందుకు వాడతారు, ఇలాంటివే ఎక్కువగా అడుగుతారు. డిగ్రీ ప్రాక్టికల్ రికార్డు ఇంట్లో ఉంటే తీసి వారం రోజులు చదువు. లేకపోతే మీ కాలేజీ ల్యాబ్‌కు పోయి లెక్చరర్‌ను అడిగి ఒకసారి బ్యూరెట్ పట్టుకుని రా, కాదనరు. ఇంటర్వ్యూ తేదీ వచ్చాక ఏమైనా సందేహం ఉంటే మళ్లీ రాయి, జవాబు ఇస్తాను.